ఎడమ కాలి పెడల్

"నీ కాళ్ళతో కాదు, నా కాలితో చూడాలి. అర్థమైందా?" అన్నాడు అన్నయ్య, బూటు తాడు కట్టుకుంటూ.

"అయితే నీ కాలు విప్పి ఇవ్వు, సంచిలో వేసుకుని పోతాను" అంది చిటికె.

అన్నయ్య నవ్వలేదు. మధ్యాహ్నం రెండు దాటింది. ఇంకాసేపట్లో అమ్మ అతన్ని క్లినిక్‌కి తీసుకెళ్తుంది. చీలమండకి వ్యాయామం చేయించే డాక్టరమ్మ ఆ వేళకే రమ్మంటుంది. బాబాయికి తీరిక దొరికేదీ ఆ వేళకే. అందుకని డ్రమ్ముల షాపుకి చిటికె ఒక్కతే బాబాయితో వెళ్ళాల్సి వచ్చింది.

"పెడల్‌ని ఎడమ కాలితో మాత్రమే నొక్కు. మెల్లగా, ఒక పాట అయ్యేంతసేపు. కాలు లాగిందా, అది మనకొద్దు. రంగులు చూసి పడిపోకు."

"నేనేమన్నా చిన్నపిల్లనా?"

"కాదా?" అన్నాడు అన్నయ్య.

చిటికె అసలు పేరు స్కూల్లో హాజరు వేసేటప్పుడు తప్ప ఎక్కడా వినపడదు. బల్ల మీదో, పళ్ళెం మీదో, ముందు కూర్చున్నవాళ్ళ వీపు మీదో ఎప్పుడూ వేళ్ళతో దరువేస్తూనే ఉంటుంది కనక అందరికీ ఆమె చిటికే. ఆ దరువు నేర్పింది అన్నయ్యే. స్కూల్ బ్యాండులో డ్రమ్స్ వాయించేది అతనే. సైకిల్ మీంచి పడి కుడి చీలమండ విరగ్గొట్టుకునే దాకా ఆ కుర్చీ అతనిదే.

ఎముక అతుక్కుంది. నడక వచ్చింది. కానీ చీలమండ మాత్రం కిందికీ పైకీ ఆడటం మానేసింది. డ్రమ్ముల్లో అన్నిటికంటే పెద్దదాన్ని చేత్తో వాయించరు. దాని ముందు నేల మీద ఒక పెడల్ ఉంటుంది. కుడి పాదంతో దాన్ని నొక్కితే చిన్న సుత్తి లాంటిది లేచి డ్రమ్మును గుద్దుతుంది. ఆ పాదం ఆడకపోతే ఇక వాయించేదేముంది? అన్నయ్య ఇంట్లో ఉన్న పాత డ్రమ్ముల మీద దుప్పటి కప్పేశాడు.

డ్రమ్స్ సార్ ఒకరోజు ఇంటికి వచ్చి ఉపాయం చెప్పారు. "జంట పెడల్ అని ఉంటుందిరా. రెండు పెడల్స్, రెండు సుత్తులు, మధ్యలో ఒక ఇనుప ఊచ. ఎడమ కాలితో నొక్కినా దెబ్బ వచ్చి అదే డ్రమ్ముకి తగులుతుంది. వేగంగా వాయించేవాళ్ళు రెండు కాళ్ళూ వాడతారు. నువ్వు ఎడమది ఒక్కటే వాడు. కొత్తలో తికమకపడతావు. పడితే పడ్డావు, నేర్చుకో. ఈసారి ఎంపికలో వాయించగలిగితే నీ కుర్చీ నీదే."

ఆ స్కూల్లో అన్నయ్యకి అదే ఆఖరి ఏడు. పెడల్ నేను కొనిపెడతాను అని బాబాయి మాటిచ్చాడు. దుప్పటి ఆ సాయంత్రమే లేచిపోయింది.

*

షాపు మూడో అంతస్తులో ఉంది. మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. అన్నయ్య రాకపోవడమే మంచిదైంది అనుకుంది చిటికె.

బాబాయి లోపలికి అడుగు పెట్టకముందే ఫోను మోగింది. బాబాయి ఉన్నచోట ఫోను మోగుతుందో, ఫోను మోగేచోట బాబాయి ఉంటాడో ఇంట్లో ఎవరూ తేల్చలేకపోయారు. "నువ్వు చూస్తూ ఉండమ్మా, వచ్చేస్తా" అని గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

షాపతను రెండు జంట పెడల్స్ తెచ్చి పెట్టాడు. ఒకటి బూడిద రంగుది, పలచగా ఉంది. కుట్టుమిషన్ నుంచి ఊడిపడ్డ ముక్కలా ఉంది. రెండోది నల్లగా మెరుస్తోంది. దానికి ఎర్రటి అంచు, జంట గొలుసులు, పొడవాటి పలకలు.

చిటికె ముందు బూడిదదాని మీద ఎడమ కాలు పెట్టింది. ఒక పాట మొత్తం మనసులో పాడుకుంటూ మెల్లగా నొక్కింది. పాదం తనంతట తనే పైకి వచ్చినట్టుంది. కాలు లాగలేదు. అనుమానమే లేదు, అన్నయ్య చెప్పింది ఇదే.

"ఆ ఎర్ర అంచుది కూడా ఊరికే ఒక్కసారి చూడనా అంకుల్?"

దాని మీద రెండు కాళ్ళూ పెట్టింది. అంతే! దడదడదడమని డ్రమ్ము ఉరిమింది. ఆమె కాళ్ళు ఇంత వేగంగా పరిగెడతాయని ఆమెకే తెలియదు. షాపులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. గిటార్ కొనడానికి వచ్చిన ఒకావిడ చప్పట్లు కొట్టింది. బాబాయి ఫోను చెవికి దూరంగా పెట్టి, "మా పాపే, మా పాపే!" అన్నాడు గట్టిగా.

"ఎవరికి తీసుకుంటున్నారు, నీకేనా?" అని అడిగాడు షాపతను.

"మా అన్నయ్యకి. తను ఎడమ కాలొక్కటే వాడతాడు."

"అయితే ఇది కాస్త బరువు. స్ప్రింగులు బిగువుగా ఉంటాయి, వేగం కోసం. ఇదిగో, ఈ చిన్న కీతో వదులు చేసుకోవచ్చు. ఇంటికెళ్ళి మీ అన్నయ్యని కాలు పెట్టి చూడమను. కుదరకపోతే వెనక్కి తెచ్చేయండి. పలకల మీదున్న ఈ ప్లాస్టిక్ పొర మాత్రం తీయకండి. పొర తీస్తే మార్చడం కుదరదు."

చిటికె బూడిదదాన్ని చూసింది. ఎర్రదాన్ని చూసింది. పాపం అన్నయ్యకి మాత్రం మంచిది ఉండొద్దా, కీతో వదులు చేసుకోవచ్చుగా అని తనకి తనే చెప్పుకుంది. మనకి నచ్చినదానికి కారణాలు వెతకమంటే మనసు ఎంత చురుగ్గా పనిచేస్తుందో!

"ఎర్రదే ఇవ్వండి" అంది.

స్కూటర్ మీద బాబాయి వెనక కూర్చుని పెట్టె ఒళ్ళో పెట్టుకుంది. మూత కొంచెం తెరిచి చూసింది. ప్లాస్టిక్ పొర ఒక మూల చిన్నగా లేచి ఉంది. అలాంటి మూల కనిపిస్తే ఎవరి గోరు ఊరుకుంటుంది? పీకింది. సర్రుమని సగం వచ్చింది. మిగతా సగం కూడా లాగేసింది. రెండో పలకదీ లాగేసింది. పొరలు గాలికి ఎగిరి రోడ్డు మీద ఎటో పోయాయి.

తెలియక చేసిందా అంటే, కాదు. పొర పోతే పెడల్ వెనక్కి పోదని ఆమెకి బాగా తెలుసు.

*

"బిగువుగా ఉందే" అన్నాడు అన్నయ్య, ఎడమ పాదంతో నొక్కి.

"కొత్తది కదా!"

"ఎడమ కాలితో చూశావా?"

"చూశాను" అంది చిటికె. చూసిన మాట నిజమే. ఏది చూసిందో చెప్పలేదు.

"స్ప్రింగు కాస్త వదులు చేద్దాం." అన్నయ్య డ్రమ్ములు బిగించే పాత కీ తెచ్చాడు. అది ఈ పెడల్‌కి పట్టలేదు. "దీంతో వేరే కీ ఏమీ ఇవ్వలేదా?"

ఇచ్చాడు. చిటికె పెన్సిల్ పెట్టెలో, రబ్బరు కింద ఉంది. సాయంత్రం అన్నయ్య క్లినిక్ నుంచి వచ్చేలోపు ఆమె ఒకసారి స్ప్రింగు వదులు చేసి చూసింది. కాళ్ళు అలా పరిగెత్తలేదు, ఉరుము రాలేదు. మళ్ళీ బిగించేసి కీ దాచేసింది.

"ఇవ్వలేదు. దాన్ని ముట్టుకోవద్దన్నాడు షాపతను. వాడగా వాడగా అదే వదులవుతుందట."

అన్నయ్య నమ్మాడు. సొంత చెల్లెలు చెప్తే నమ్మక ఏం చేస్తాడు?

ఆ రోజు నుంచి సాయంత్రం కాగానే ముందు అన్నయ్య కూర్చునేవాడు, తర్వాత చిటికె. పక్కింటి తాతగారు చెవి మిషన్ తీసి జేబులో వేసుకుని, వాళ్ళ వసారాలోంచి హాయిగా చెయ్యూపేవారు. అన్నయ్య ఎడమ కాలి దెబ్బ ప్రతిసారీ పాట కంటే వెనక పడేది. సుత్తి డ్రమ్ము దాకా వెళ్ళేలోపే పాటలో ఆ మాట దాటిపోయేది. చిటికె కూర్చుంటే మాత్రం గది కిటికీలు అదిరేవి.

"నా వల్ల కావట్లేదు. ఈ పెడల్ బాలేదేమో" అన్నాడు అన్నయ్య ఒకరోజు.

భయం వేస్తే కొందరు ఏడుస్తారు, కొందరు అరుస్తారు. చిటికె రెండో రకం.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది! అదే పెడల్‌తో నేను వాయించట్లేదా?"

అన్నయ్య ముఖం ఎర్రబడింది. మళ్ళీ ఎప్పుడూ పెడల్‌ని తప్పు పట్టలేదు.

తప్పంతా తనదే అనుకున్నాడు. అందుకని స్కూలుకి ముందు కూడా వాయించడం మొదలుపెట్టాడు. ఎడమ కాలికి రెండు మేజోళ్ళు తొడిగేవాడు. మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకునేవాడు. కుడి కాలి వల్ల అనుకుంది అమ్మ. కానీ కుడి కాలు ముందు వేసి ఎడమ కాలు ఈడుస్తున్నాడని చిటికె చూసింది. చూసి, చూపు తిప్పేసుకుంది.

కీ తీసి ఇవ్వడానికి చాలా సాయంత్రాలు వచ్చాయి. ఇప్పుడిస్తే ఇన్నాళ్ళూ ఎక్కడుందని అడుగుతాడుగా? అలా ఒక్కొక్క సాయంత్రమూ జారిపోయింది.

*

ఎంపిక రోజు బ్యాండు గది కిక్కిరిసిపోయింది. చిటికె కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. అన్నయ్య ఎర్ర పెడల్ స్కూలు డ్రమ్ముకి తగిలించి కూర్చున్నాడు. గిటార్ వాయించే అబ్బాయి, కీబోర్డు అమ్మాయి అతన్ని చూసి బొటనవేళ్ళు ఎత్తారు. వాళ్ళకి అన్నయ్యే కావాలి.

మొదటి చరణం బాగానే సాగింది. రెండో చరణంలో దెబ్బలు వెనకపడ్డాయి. గిటార్ అబ్బాయి అన్నయ్య వైపు చూశాడు, తర్వాత చూడకుండా తల దించుకున్నాడు. సార్ చెయ్యెత్తి ఆపారు.

"కంగారు పడకు. మళ్ళీ."

మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి మొదటి చరణం కూడా దాటలేదు. అన్నయ్య నుదుటి మీద చెమట కారుతోంది. తనే కర్రలు పక్కన పెట్టేశాడు.

"చాలు సార్."

సార్ గొంతు సవరించుకుని, "చిటికె, నువ్వోసారి కూర్చో" అన్నారు.

వద్దు సార్ అనొచ్చు. ఆమె అనలేదు. అన్నయ్య లేచిన కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది. కూర్చుంది, వాయించింది. డ్రమ్ము ఉరిమింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

"ఇదంతా అన్న దగ్గర నేర్చుకున్నదే కదా! సరే, ఈసారి డ్రమ్స్ నువ్వే" అన్నారు సార్.

ఆ క్షణంలో చిటికెకి సంతోషం వేసింది. చాలా సంతోషం వేసింది. తర్వాత అది గుర్తొచ్చినప్పుడల్లా ఆమె వేళ్ళు దరువు మధ్యలో ఆగిపోయేవి.

సార్ వంగి పెడల్ విప్పబోతూ ఎడమ పలక మీద అరచెయ్యి పెట్టి నొక్కారు. ఆగిపోయారు. మళ్ళీ నొక్కారు.

"ఇదేంట్రా ఇంత బిగువుగా ఉంది! స్ప్రింగు వదులు చేసుకోలేదా?"

"చేయకూడదన్నాడట సార్, షాపతను. వాడగా వాడగా అదే వదులవుతుందట."

"ఏ షాపువాడంటాడ్రా అలా? వదులు చేసుకోమనేగా దీంతో పాటు చిన్న కీ ఇచ్చేది!"

అన్నయ్య మెల్లగా తిరిగి చిటికె వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. ఇక వేరే జవాబు ఎందుకు?

"ఉండు, నా దగ్గర కీ ఉంది. వదులు చేసిస్తా, మళ్ళీ వాయించు" అన్నారు సార్ హడావిడిగా.

అన్నయ్య ఎడమ బూటు విప్పాడు. మేజోడు మడమకి అంటుకుపోయి ఉంది. పాదం వాచి ఉంది. పైకెత్తబోయాడు. పిక్క పట్టేసి వణికింది.

"లేవట్లేదు సార్."

సార్ ఆ కాలి వైపు చూసి కీ మళ్ళీ జేబులో వేసుకున్నారు. తర్వాత, "పోనీలేరా, వచ్చే ఏడు చూద్దాం" అన్నారు.

"వచ్చే ఏడు నేనిక్కడ ఉండను సార్."

*

అమ్మ బకెట్లో వేడినీళ్ళు పోసి అన్నయ్య పాదం అందులో పెట్టించింది. "నీకున్నది ఒక్క మంచి కాలు. దాన్నీ పాడుచేసుకుంటావా? నీకు బుద్ధుందా?" అని కోప్పడింది. కోప్పడుతూనే కళ్ళు తుడుచుకుంది.

అన్నయ్య ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని చిటికె తలుపు పక్కన నిలబడి ఎదురుచూసింది. అతను చెప్పలేదు. చెప్పి ఉంటే అమ్మ రెండు దెబ్బలేసేది. ఆ దెబ్బలే నయం.

చివరికి తనే చెప్పింది. కీ సంగతి, పొర సంగతి, బూడిద పెడల్ సంగతి. అమ్మ కొట్టలేదు. తువ్వాలు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"సారీ అన్నయ్యా" అంది చిటికె.

"ఎర్రది నీకు నచ్చిందని చెప్తే సరిపోయేదిగా" అన్నాడు అన్నయ్య నీళ్ళలోకి చూస్తూ. "నేనింకేదైనా దారి చూసుకునేవాణ్ణి. నేనేమనుకున్నానో తెలుసా? నాకు ఈ కాలు కూడా పనికిరాదనుకున్నాను."

చిటికె వెళ్ళి ఇంకో చెంబు వేడినీళ్ళు తెచ్చి బకెట్లో పోసింది.

మర్నాడు స్కూల్లో సార్ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పి, తన పేరు తీసేయమంది.

"నీ పేరు తీస్తే మీ అన్న కాలు బాగవుతుందా?" అన్నారు సార్ కోపంగా.

"అవదు సార్."

"మరి?"

"ఆ కుర్చీలో కూర్చోవాలంటే నాకు..." అని ఆగిపోయింది. సార్ ఇంకేం అడగకుండా పేరు కొట్టేశారు. వేరే క్లాసులోని రెండు జడల అమ్మాయికి ఆ చోటు దక్కింది. అన్నయ్యకి దక్కలేదు. పాదం నేల మీద మోపడానికే అతనికి చాలా రోజులు పట్టింది.

బాబాయితో మళ్ళీ షాపుకి వెళ్ళింది చిటికె. ఈసారి బాబాయి ఫోను మోగినా తీయలేదు. షాపతను పెట్టె తెరిచి చూసి తల అడ్డంగా ఊపాడు. "పొర లేదు, గీతలు కూడా పడ్డాయి. ముందే చెప్పానుగా పాపా. ఆ బూడిదది కూడా అమ్ముడుపోయింది." దిగేటప్పుడు ఆ మెట్లు ఎక్కేటప్పటి కంటే నిటారుగా కనిపించాయి.

వార్షికోత్సవం నాడు చిటికె ప్రేక్షకుల్లో కూర్చుంది. రెండు జడల అమ్మాయి బాగానే వాయించింది. వేళ్ళు దరువేయకుండా చిటికె రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. అదే వరసలో, అమ్మకి అవతలి పక్కన, అన్నయ్య కూర్చున్నాడు. పాట అయ్యాక అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అతనే.

*

పాదానికి ఇక భయం లేదని డాక్టరమ్మ చెప్పిన మధ్యాహ్నం, చిటికె గదిలోకి వెళ్ళి డ్రమ్ముల మీద దుప్పటి తీసింది. అది మళ్ళీ ఎప్పుడు కప్పారో ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. అన్నయ్య కిటికీ దగ్గర పుస్తకం చదువుకుంటున్నాడు.

చిటికె పెడల్ పక్కన నేల మీద బోర్లా పడుకుంది. పెన్సిల్ పెట్టెలోంచి కీ తీసింది.

"ఎడమ కాలు పెట్టు అన్నయ్యా."

పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. ఇంకో పేజీ. ఆమె లేవలేదు. నేల చల్లగా ఉంది. మోచేతులు నొప్పి పుట్టాయి. చాలాసేపటికి కుర్చీ జరిగిన చప్పుడైంది. చెప్పులు లేని పాదం వచ్చి పలక మీద ఆగింది. మడమ మీద గాయం మానిన మచ్చ ఆమె కళ్ళ ముందే ఉంది.

చిటికె కీ తిప్పింది. "ఇప్పుడు?"

"బిగువే."

మళ్ళీ తిప్పింది. "ఇప్పుడు?"

"ఇంకా."

అలవాటుగా పలకని తనే నొక్కి చూడబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇప్పుడు?"

అన్నయ్య రెండు మూడుసార్లు నొక్కాడు. "కాస్త బిగించు. ఊఁ. చాలు."

కర్రలు తీసుకుని పాత పాట వాయించడం మొదలుపెట్టాడు. మెల్లగా, చాలా మెల్లగా. ఎడమ పెడల్ నున్నటి నేల మీద ముందుకి జారిపోతోంది. చిటికె రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ప్రతి దెబ్బా ఆమె మణికట్టులోకి దిగుతోంది. పలక ఇప్పటికీ బరువే. ఆ బూడిదది అయితే ఇంకా తేలిగ్గా ఉండేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

పాట అయిపోయింది. ఒక్క దెబ్బే వెనకపడింది. అన్నయ్య ఏమైనా అంటాడని చిటికె తలెత్తి చూసింది.

అన్నయ్య కిందికి చెయ్యి చాపాడు.

"ఆ కీ ఇక నా దగ్గరే ఉండనీ" అన్నాడు.

చిటికె ఆ చేతిలో కీ పెట్టింది. అన్నయ్య దాన్ని జేబులో వేసుకుని, మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. చిటికె పెడల్ జారకుండా పట్టుకునే ఉంది.